నిలిపిన చూపు

వానాకాలం వచ్చిందంటే సత్యవేణి ఇంటి అరుగు కుంగుతుంది. మొత్తం కాదు, తూర్పు మూల ఒక్కటే. జానెడు దిగబడి, పైన పూసిన సిమెంటు నెర్రెలిచ్చి, ముగ్గు వేస్తే గీత వంకర పోతుంది. అప్పుడు తాపీమేస్త్రీ సింహాచలం వస్తాడు. పనిలోకి దిగే ముందు కాసేపు తిట్టడం అతని పద్ధతి.

"ఒండ్రుమట్టి పోసి అరుగు కడతారా అండీ ఎవరన్నా? ఇసక పొయ్యాలి, నీళ్ళు కొట్టాలి, దిమ్మిస చెయ్యాలి. ఆ రోజే చెప్పేను. ఈ అబ్బులుగారు ఇంటేగా!"

"కుంగితేనే గదా నీకు పని," అన్నాడు అబ్బులు. సత్యవేణికి మొగుడూ మేనత్త కొడుకూ అతనే. "పైపైన పూసెయ్. లోపల మట్టి జోలికెళ్ళకు. ముందు ఆ చెప్పులు కిందిప్పి ఎక్కు."

"పూత్తాను. వచ్చే ఏడు మళ్ళీ వత్తాను. నా తరవాత నా కొడుకొత్తాడు."

సత్యవేణి క్యారేజీ సర్దుకుంటూ లోపలినుంచే అరిచింది. "బావా, ఈసారన్నా ఆ మట్టి తీయించి ఇసక పోయించు. కుంగిన అరుగు మీద కూచుంటే నడుం పట్టేస్తోంది నాకు."

"చూద్దాంలే," అన్నాడు అబ్బులు. అతని నోట 'చూద్దాంలే' వచ్చిందంటే ఇక చూడడనే లెక్క.

ఆమె పెద్దగా పట్టించుకోలేదు. లంకలో ఏరు పొలాన్ని కోసేసినప్పుడు గట్టు మీద కొత్తిల్లు కట్టుకునేవాళ్ళు పాత మట్టి ఒక తట్టెడు తెచ్చుకోవడం వాళ్ళ ఇంటా వంటా ఉన్నదే. మావగారి రోజుల్లో ఆ మట్టితో పొయ్యి వేసేవారు. ఇప్పుడు గ్యాసు పొయ్యి వచ్చాక మట్టిని ఏం చేసుకోవాలో తెలియక అరుగులో పోశాడు కాబోలు అనుకుంది. తట్టెడు చాలదా, బండెడు ఎందుకు అని మాత్రం ఒకసారి విసుక్కుంది. ఆ అరుగు విషయంలో అబ్బులుది చాదస్తమే. ఎవరు చెప్పులతో ఎక్కినా ఒప్పుకోడు, పంచాయతీ మెంబరుకైనా మొహం మీదే చెబుతాడు. సత్యవేణి మరిచిపోయి ఎక్కితే మాత్రం ఏమీ అనకుండా ఆమె చెప్పులు తీసి కింద పెడతాడు.

ప్రతి సాయంత్రం ఆమె ఆ మూలనే కూచుని ఆఫీసు ట్యాబు తెరుచుకుంటుంది. దానిలో ఏముందని అబ్బులు ఎప్పుడూ అడగలేదు.

*

ఒండ్రు పరిశోధన కేంద్రం కాలవగట్టు మీద పాత అరటిగెలల గోడౌన్‌లో ఉంది. ఎంత కడిగినా వానాకాలంలో పండిన చక్కెరకేళీ వాసన వస్తుంది. డాక్టర్ హైమవతి దానికి పెద్ద. డేటాబేస్ మంచీ చెడ్డా చూసే మనిషి సత్యవేణి.

గోదారి లంకల్లో భూమి కాలు నిలవదు. ఏరు ఈ ఒడ్డు కోసి ఆ ఒడ్డున మేట వేస్తుంది. కోసిన చోట రైతు ఏడుస్తాడు, మేట వేసిన చోట రైతులు కొట్టుకుంటారు. ఇది తాతల నాటి నుంచి ఉన్న గోల. హైమవతి మేడమ్ దీనికి మందుగా ఒక సూక్ష్మజీవిని తయారు చేశారు. అది మట్టి రేణువును పట్టుకుని వదలదు. ఎవరికీ హాని చేయదు. దాని ఒంట్లో రాసిన గుర్తును పిల్లలకూ మనవలకూ అప్పగించుకుంటూ బతుకుతుంది. సెంటు భూమికి ఒక గుర్తు చొప్పున లంకలన్నిటి మీదా చల్లారు. ఊరూరా పాతిన ప్లాస్టిక్ గూటాలు తమ దగ్గరికొచ్చిన మట్టిని వాసన చూసి, ఇది ఫలానా సెంటు మట్టి అని కేంద్రానికి చెబుతాయి. మొత్తం ఏర్పాటుకు ఆనవాలు అని పేరు పెట్టారు.

మొదటి ఏడాది కొత్త మేట మీద రెండు కుటుంబాలు కర్రలు పట్టుకుని నిలబడితే, మేడమ్ మధ్యలోకి వెళ్ళి ఒక గూటం దిగ్గొట్టి ఫోన్లో చూసి, "ఇటు పక్కదంతా వెదుళ్ళంక సత్తియ్య గారి మట్టి, అటుది మీది," అన్నారు. సత్తియ్య కర్ర పారేసి గుప్పెడు మట్టి తీసి, "మా నాన్న దున్నిన మట్టేనండీ బాబూ ఇది," అని అందరి ముందూ భోరున ఏడ్చాడు. ఆ కర్రతోనే తర్వాత పడవ కట్టేసుకున్నారు.

ఆ పేరు చుట్టుపక్కలంతా పాకాక ఆనవాలుకు రెండో పని పెట్టారు. ఒడ్డు జారబోయే ముందు లోపలి రేణువులు కదులుతాయి. గూటం అది పసిగడితే, ఆ సెంటు ఎవరిదో, అక్కడ ఎవరు పని చేస్తున్నారో వెతికి వాళ్ళ ఫోన్లు మోగించాలి. "జాగ్రత్త, ఒడ్డు జారుతోంది, వెంటనే లోపలికి రండి" అనే ఆ గొంతు సత్యవేణిదే. మేడమ్ గొంతైతే పాఠం చెప్పినట్టుందని ఆమె చేత చెప్పించారు.

అయితే ఈ డేటాబేస్‌కు ఒక గుణం ఉంది, అదే దాని జబ్బు కూడా. పాత మాటను వెంటనే చెరపదు. మట్టి కదిలినప్పుడల్లా 'ఇప్పుడిక్కడుంది' అని కొత్త వరస రాసి, పాత వరసను చచ్చినదని గుర్తు పెట్టి ఊరుకుంటుంది. చచ్చిన వరసల్ని ఊడ్చి ఆ చోటును ఖాళీ చేసేందుకు వేరే ఒక ప్రోగ్రాం తిరుగుతూ ఉంటుంది. కేంద్రంలో అందరూ దాన్ని చీపురు అంటారు. చీపురు ఆడినంతకాలం ఖాళీ అయిన చోట్లోనే కొత్త వరసలు పడతాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. అది ఆడకపోతే గుట్టలు పేరుకుంటాయి. ఏ మట్టి ఎక్కడుందో చటుక్కున చెప్పాల్సిన ఇండెక్స్ కూడా ఉబ్బిపోతుంది. ఊళ్ళో సగం ఇళ్ళు ఏట్లో కలిసినా, పాత డోర్ నంబర్లు పట్టుకుని లేని గుమ్మాల ముందు ఆగుతూ ఆగుతూ వచ్చే పోస్టుమాన్ లాగా తయారవుతుంది.

ఆనవాలు ఇండెక్స్ అలాగే తయారైంది. మొదట్లో రెప్పపాటులో మోగిన ఫోను ఇప్పుడు అన్నం ఉడికేంత సేపటికి మోగుతోంది. డిస్కులు కొన్నారు, నిండిపోయాయి. హైదరాబాదు నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపిస్తే, ఆయన ఇండెక్స్‌ను విప్పి మళ్ళీ మొదటినుంచి కట్టాడు. చచ్చిన వరసలు ఊడవకుండానే ఉన్నాయి కాబట్టి కొత్త ఇండెక్స్‌లో వాటికీ పీటలు వేయాల్సి వచ్చి, పిసరంత తగ్గి మళ్ళీ ఉబ్బింది. ఆయన బిర్యానీ తిని, పూతరేకులు కట్టించుకుని వెళ్ళిపోయాడు.

"చీపురు తిరుగుతూనే ఉంది, చెత్త పోవడం లేదు. ఇదేం మాయమ్మా?" అనేవారు మేడమ్.

ఎందుకు పోవడం లేదో సత్యవేణికి తెలుసు. చీపురుకు ఒకే ఒక నియమం ఉంది. ఎవరైనా ఒక పాత రోజు నాటి చూపును తెరిచి నిలిపి ఉంచితే, ఆ చూపుకు కనబడాల్సిన వరసలనూ, ఆ తర్వాత చచ్చిన వరసలనూ అది ముట్టుకోదు. కోర్టు తగాదాల్లో ఫలానా రోజున భూమి ఎలా ఉందో జడ్జికి చూపించడం కోసం పెట్టిన సౌకర్యం అది. సర్వర్ ఆగి మళ్ళీ మొదలైనా నిలిపిన చూపు చెక్కు చెదరదు. కేసు తేలగానే మూసెయ్యాలి.

ఒక చూపు మాత్రం అయిదేళ్ళుగా మూయలేదు. జాబితాలో దాని పక్కన 'నిర్వహణ, తాకరాదు' అని ఉంటుంది. అది చూసినవాళ్ళందరూ దాటుకుని వెళ్ళిపోయారు. మన ఆఫీసుల్లో ఎవరిదో తెలియని తీగను ఎవరూ పీకరు. పీకాక ఏది ఆరిపోతుందోనని భయం. ఎవరు పెట్టారని అడిగితే ఆ పని తన మెడకు చుట్టుకుంటుందని ఇంకో భయం. హైదరాబాదు నిపుణుడు కూడా ఆ వరస దగ్గర ఒక్క క్షణం ఆగి, 'మీ లోపలి వ్యవహారం కాబోలు' అని ముందుకు పోయాడు.

*

ఆ చూపు సత్యవేణిది.

పాపకు పేరు పెట్టలేదు. పేరు పెట్టేదాకా పాప ఉండలేదు. అంత పసిగుడ్డును దహనం చేయరు, పూడుస్తారు. అబ్బులు పార భుజాన వేసుకుని, గుడ్డలో చుట్టిన పిల్లను ఎత్తుకుని వెదుళ్ళంకలో తమ పొలానికి వెళ్ళి, పంపు షెడ్డు వెనకాల మూలలో పూడ్చి వచ్చాడు. బాలింతను ఏరు దాటనివ్వలేదు. పెద్దవాళ్ళు వద్దన్నారు, నర్సు వద్దంది, ఒంట్లో ఓపికా లేదు. డ్యూటీలో చేరాక ఆమె ఆ మూలను మొదటిసారి చూసింది ఆనవాలు తెర మీదే. ఆకుపచ్చ చుక్కల మధ్య ఒక సెంటు. తడి ఎంత, వేడి ఎంత అని అడిగితే చెప్పేది. ఆ రోజు మట్టి గోరువెచ్చగా ఉందని చెప్పింది. సత్యవేణి బాత్రూంలోకి వెళ్ళి కుళాయి విప్పి ఏడ్చింది.

లంకకు ఎప్పుడు వెళదామా అనుకుంటూ ఉండగానే వరద వచ్చింది. ఆ మూల ఒడ్డు మరుసటి రోజు పోతుందని గూటాలు చెప్పాయి. ఆ సాయంత్రం ఆమె కంప్యూటరు ముందు కూచుని, ఆ గంట నాటి భూమి మీద చూపు తెరిచి, నిలిపేసింది. మర్నాడు పొలం పోయింది. నిలిపిన చూపులో పోలేదు.

కాపీ తీసి పెట్టుకోవచ్చుగా అనొచ్చు మీరు. తీసింది కూడా. కాపీ ఫోటో లాంటిది, దాన్ని చూస్తే పోయిన సంగతే గుర్తొస్తుంది. చూపు అలా కాదు. అడిగితే జవాబు చెబుతుంది, ఆ మూల పక్కన 'ఉంది' అని రాసి చూపిస్తుంది. ఆ ఒక్క మాట కోసం ఆమె రోజూ అరుగెక్కేది. ఆ మట్టి ఇప్పుడెక్కడుందని ఆనవాలును ఆమె ఎన్నడూ అడగలేదు. సముద్రంలో కలిసిందని చెబితే వినే ధైర్యం లేదు. ఒక చిన్న కిటికీ తెరిచి ఉంటే ఎవరికి నష్టంలే అని మొదట అనుకుంది. నష్టమని తెలిశాక రేపు మూస్తానంది. ఆ రేపు అయిదేళ్ళు సాగింది.

*

జూలైలో కాసులమ్మ కేంద్రానికి వచ్చింది. పడమటి పాయ మేట మీద గేదెలు మేపుకుంటూ పాలు పోసి బతికే మనిషి. మెళ్ళో ప్లాస్టిక్ సంచిలో ఫోను, చేతికి కట్టు. ఒడ్డు ఆమె కాళ్ళ కింద నుంచే జారిపోయింది. గేదెలు రెండూ పోయాయి. ఆమె ఒక కొబ్బరి దుంగ పట్టుకుని కొట్టుకుపోయి, రెండో ఒడ్డున రేవులో పడింది.

"ఏట్లో ఈదతావుంటే ఫోను మోగిందండి," అంది మేడమ్‌తో. "మెళ్ళోంచి ఒకటే అరుపు. జాగ్రత్త, ఒడ్డు జారతందంట! నేను జారి, మునిగి, తేలేక చెబుతాది. చేతులు కాలాక ఆకులు పట్టుకోమన్నట్టు. ఎంత ఒళ్ళు మండిందో చెప్పలేను."

సత్యవేణి మంచినీళ్ళ గ్లాసు అందించి, "తీసుకో పిన్నీ," అంది.

కాసులమ్మ గ్లాసు అందుకోబోయి ఆగింది. ఆమె మొహంలోకి చూసింది.

"ఆ గొంతు నీదేగా అమ్మా?"

సత్యవేణి తలూపింది. కాసులమ్మ నీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, గ్లాసు తిరిగి ఇచ్చేసింది. తిడితే బాగుండునని సత్యవేణికి అనిపించింది. ఆ సాయంత్రం అరుగు మీద కూచుని చూపు మూసే మీట మీద వేలు పెట్టింది. 'ఉంది' అన్న మాట కేసి చూసింది. వేలు తీసేసింది. ఆ పని చేసినందుకు ఆమె తనను తాను అసహ్యించుకుంది, అయినా తీసేసింది.

*

ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక ఎగరేశారు. అబ్బులు పొద్దున్నే చద్దన్నం తిని, తువ్వాలు తలకు చుట్టుకున్నాడు.

"వెదుళ్ళంకలో మనకి మిగిలిన పై చెక్కలో అరటిగెలలు ముదిరున్నాయి. నలుగురం ఎల్లి కోసుకొచ్చేత్తాం. లేకపోతే ఏటికే నైవేద్యం."

"ఒడ్డుకేసి వెళ్ళకు బావా."

"ఎల్తే నీ ఫోను మోగుద్ది గదా," అన్నాడు నవ్వుతూ. ఆనవాలు మీద అతనికున్న నమ్మకం మేడమ్‌కు కూడా లేదు.

మధ్యాహ్నానికి కేంద్రంలో గోడ మీది తెర నిండా గూటాల కబుర్లే. మట్టి లంకలన్నిటా ఒక్కసారి కదలడంతో కొత్త వరసలు కుప్పతెప్పలుగా వచ్చి పడుతున్నాయి. హెచ్చరికలు బయటికి పోవడం లేదు, ఒకదాని వెనక ఒకటి నిలబడ్డాయి. ఒక్కొక్కదానికీ ఇండెక్స్ లేని గుమ్మాలన్నీ తిరిగి వస్తోంది.

"ప్రమాదంలో ఉన్న ఈ నాలుగు లంకల వరకైనా పక్కన కొత్త ఇండెక్స్ కట్టు," అన్నారు మేడమ్. "పాతది నడుస్తూ ఉండగానే కట్టొచ్చన్నావుగా?"

"కట్టొచ్చు మేడమ్. రెండూ పట్టేంత చోటు కావాలి. డిస్కుల్లో చోటు లేదు."

"అయితే మనుషులు ఫోన్లు చెయ్యండి చేత్తో. ఇంకేం చేస్తాం. చోటు ఎక్కణ్ణుంచి తెస్తాం?"

సత్యవేణి తెర కేసి చూసింది. వెదుళ్ళంక పై చెక్క చుట్టూ చుక్కలు, మట్టి కదులుతోందనడానికి గుర్తుగా, పసుపు రంగుకు తిరిగాయి. అబ్బులుకు ఫోన్ చేసింది. మోగుతోంది, తీయడం లేదు. కత్తి చేతిలో ఉంటే అతను ఫోన్ తీయడు. ఆనవాలు హెచ్చరికైతే ఫోను తీయకపోయినా దానంతటదే అరుస్తుంది.

"చోటుంది మేడమ్," అంది. గొంతు మామూలుగానే వచ్చింది. "నేనే తొక్కిపట్టి కూచున్నాను. 'తాకరాదు' అని ఉన్న చూపు నాది. అయిదేళ్ళ నుంచి చీపురును ఆపింది అదే."

"నీదా? దేనికి?"

"మా పాపను పూడ్చిన మూల అందులో ఇంకా ఉంది."

మేడమ్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత కోపం ముంచుకొచ్చింది. "డిస్కులు కొన్నాం, నిపుణుల్ని తెచ్చాం! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికించావు కదమ్మా మా చేత!" అన్నారు. మాట బయటపడ్డాక నాలుక కరుచుకున్నారు. కుర్చీలో కూచుని, కళ్ళజోడు తీసి, "ముయ్యి," అన్నారు మెల్లగా. "నన్ను ముయ్యమంటే నేను మూస్తాను."

"నేనే మూస్తాను."

ట్యాబు తెరిచింది. ఆకుపచ్చ చుక్కల మధ్య ఆ సెంటు. చివరిసారిగా తడి అడిగింది, చెప్పింది. వేడి అడిగింది, చెప్పింది. "వస్తానమ్మా," అంది పైకే, పక్కన మేడమ్ ఉన్నారన్న సిగ్గు లేకుండా. మీట నొక్కింది. తెర ఖాళీ అయింది. చప్పుడూ లేదు, ఏమీ లేదు. అంత మామూలుగా పోతుందని ఆమె అనుకోలేదు. కడుపులోంచి ఎవరో దేన్నో లాగేసినట్టుంది. ఏడవడానికి టైము లేదు.

చీపురును వెదుళ్ళంక మీదికి ముందు తోలింది. అయిదేళ్ళుగా అడుగు పెట్టలేని చోటికి అది ఆవురావురుమంటూ వెళ్ళింది. ఖాళీ పెరుగుతోందని అంకెలు చెప్పాయి. చాలినంత రాగానే ఆ లంక మేరకు పక్కనే కొత్త ఇండెక్స్ కట్టడం మొదలుపెట్టింది. బతికున్న వరసలే ఉన్నాయి కాబట్టి అది మేడమ్ టీ తెప్పించేలోపు లేచి నిలబడింది. పాతదాన్ని తీసేసింది. నిలబడిపోయిన హెచ్చరికలు గబగబా కదిలాయి. తర్వాత మిగిలిన మూడు లంకలు. టీ చల్లారిపోయింది.

అబ్బులు నుంచి ఫోన్ వచ్చేటప్పటికి పొద్దు వాలింది.

"ఏంటే అలా అరిసేవు ఫోన్లో? నువ్వు తిడతన్నావనుకుని కత్తి అక్కడే పడేసి పరిగెట్టేం నలుగురం. సగం గెలలు అక్కడే ఉండిపోయేయి. అవతలికొచ్చి చూత్తే చెక్కే లేదు."

"కత్తి పోతే పోయింది," అంది సత్యవేణి. అప్పుడు ఏడ్చింది.

*

వరద తీశాక మేడమ్ ఉన్నదున్నట్టు పైకి రాయాలన్నారు. రాయమంది సత్యవేణి. కాసులమ్మ ఇంటికి తనే వెళ్ళి, ఆ రోజు ఫోను ఎందుకు ఆలస్యంగా మోగిందో చెప్పింది. కాసులమ్మ అంతా విని, "గేదెలు రావుగా అమ్మా," అంది. గుమ్మం దాకా సాగనంపుతూ, "ఇంకెవరికీ ఆలీసంగా మోగనీకు," అంది. క్షమించానని అనలేదు, సత్యవేణి అడగనూ లేదు.

కేంద్రంలో ఇప్పుడు ఏది అడిగినా, నోట్లోంచి మాట రాకముందే ఆనవాలు చెబుతోంది. ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకు వెళ్ళాక, సత్యవేణి అయిదేళ్ళుగా అడగని మాట అడిగింది. ఆ సెంటు మట్టి ఇప్పుడెక్కడుంది?

సముద్రం అని వస్తుందనుకుంది. సముద్రంలో గూటాలు లేవు కాబట్టి ఏమీ రాదనుకుంది. రెండు వరసలు వచ్చాయి. కొద్దిపాటి మట్టి పడమటి పాయ కొత్త మేట మీద, ఎవరిదో మిరపతోటలో ఉంది. ఆచూకీ తెలిసిన మిగతా మట్టి, ఇంచుమించు అంతా, గట్టు మీద ఒకే ఒక గూటం దగ్గర ఉంది. ఆ గూటం నంబరు ఎక్కడో విన్నట్టుంది. కొత్త రకం గూటం పనిచేస్తుందో లేదో చూద్దామని చాన్నాళ్ళ కిందట ఇంటికి పట్టుకెళ్ళి, తనే అరుగు పక్కన దిగ్గొట్టి మరిచిపోయిన గూటం అది.

అబ్బులు కాళ్ళకంటుకుని వచ్చిన దుమ్మేమో అనుకుంది. దుమ్ముకు అంత బరువుండదు. మళ్ళీ అడిగింది. ఆనవాలు మళ్ళీ అదే చెప్పింది. బ్యాగు తీసుకుని, మేడమ్‌కు చెప్పను కూడా చెప్పకుండా ఇంటికి బయల్దేరింది.

అబ్బులు వాకిట్లో కొత్త కత్తికి పిడి బిగిస్తున్నాడు.

"బావా, ఈ అరుగులో మట్టి ఏ మూలది?"

అతని చేతులు ఆగిపోయాయి. కత్తి పక్కన పెట్టాడు.

"రేపు ఒడ్డు పోద్దని అన్నాల దగ్గర నువ్వే గదా చెప్పేవు," అన్నాడు, నేల చూస్తూ. "పొద్దున్నే పడవేసుకుని ఎల్లేను. ఆ మూలంతా తట్టలకెత్తేను. లోతుగానే తవ్వేనులే. ఏదీ ఒదల్లేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏడుత్తావని. తరవాత సూత్తే నువ్వు సాయంత్రమైతే ఆఫీసు పని చూసుకుంటా గమ్మునుంటన్నావు. మర్చిపోయిందిలే, మళ్ళీ ఎందుకు కెలకడం అనుకున్నాను." మొహం తుడుచుకున్నాడు. "చెట్టు కింద పోద్దామనుకున్నాను ముందు. ఒక్కత్తే ఉంటాదనిపించింది. అరుగైతే పొద్దుగూకేసరికి నువ్వొచ్చి కూచుంటావు గదా."

సత్యవేణి అరుగు మూల కేసి చూసింది. నెర్రెలిచ్చిన సిమెంటు, రోజూ కూచుని నున్నబడిన చోటు. అయిదేళ్ళు ఇక్కడే కూచుని, ఇక్కడ లేని మట్టిని తెరలో చూసుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. ఆ మీదట మొగుడి వీపు మీద ఒక్కటి చరిచింది. ఆ వెంటనే అదే వీపు మీద మొహం పెట్టుకుంది. అబ్బులు కదలకుండా కూచున్నాడు.

వరద తడికి అరుగు మూల మళ్ళీ దిగబడిందని విని, సోమవారం పొద్దున్నే సింహాచలం ఇసుక బండితో సహా వచ్చాడు.

"మట్టి తీయించమని ఆ రోజు అమ్మగారే అన్నారు గదండీ. ఇయ్యాల తవ్వేసి, ఇసక పోసి, దిమ్మిస కొట్టేత్తాను. ఇంక వందేళ్ళు కదిలితే ఒట్టు."

"ఇసక వద్దు, వెనక్కి తోలుకుపో," అంది సత్యవేణి. "పైపైన పూసెయ్."

"వచ్చే ఏడు మళ్ళీ కుంగుద్దండి!"

"కుంగనీ. మళ్ళీ రా."

సింహాచలం అబ్బులు కేసి చూశాడు. ఈ ఇంట్లో బుద్ధిమంతులు ఒక్కరే ఉన్నారనుకున్నాను, ఆవిడా ఈయన దారే పట్టారు అన్నట్టు తల అడ్డంగా ఊపి, సిమెంటు గమేళా పట్టుకుని అరుగు మెట్టు మీద కాలు పెట్టాడు.

"సింహాచలం," అంది సత్యవేణి, "ముందు ఆ చెప్పులు కిందిప్పు."